బోరును కొలిచి పంపును దించాలి: మామిడి తోట ఇళ్లలో సబ్‌మెర్సిబుల్ పంపు అమరిక

మాఘమాసం ప్రవేశించి మామిడి పూత పిందెగా మారే వేళకు రాయలసీమ తోటల్లోని ఇళ్లకు మనుషుల సందడి తిరిగి వస్తుంది. ఒక గది, ముందు రేకుల వసారా, పక్కన సిమెంటు తొట్టి, నాలుగడుగుల దూరంలో బోరు. సాధారణంగా తోట ఇల్లంటే ఇంతే. తోట యజమాని గాని, తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి కాపలాకు పెట్టిన కుటుంబం గాని ఫిబ్రవరి నుండి కోతలు ముగిసే జూన్, జూలై నెలల వరకు అక్కడే కాపురం ఉంటుంది. ఆ తరువాత ఇంటికి తాళం పడుతుంది, స్టార్టరు పెట్టెకూ తాళం పడుతుంది. నూజివీడు, జగిత్యాల ప్రాంతాల మామిడి తోటల్లోనూ దాదాపు ఇదే పద్ధతి.

ఏడెనిమిది నెలల విరామం తరువాత స్టార్టరు మీట నొక్కిన మొదటి రోజు మోటారు తిరగకపోతే ఆ నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. పిందె నిలిచి కాయ ఎదిగే దశలో నేలలో తేమ చాలకపోతే పిందె రాలుతుంది, నిలిచిన కాయ పరిమాణం తగ్గుతుంది. మోటారును పైకి ఎత్తి, పట్టణానికి తీసుకువెళ్లి, వైండింగ్ చేయించి, తిరిగి దించేసరికి వారం గడుస్తుంది. ఆ వారం రోజులు తోటకు నీరుండదు, తోటలో ఉన్న కుటుంబానికి తాగునీరు కూడా ఉండదు.

ఇటువంటి వైఫల్యాలను సాధారణంగా విద్యుత్తు ఒడిదుడుకులకో, మోటారు నాణ్యతకో ఆపాదిస్తారు. వాటి పాత్ర కొంత ఉన్నమాట నిజమే. అయితే చాలా సందర్భాల్లో మూలకారణం పంపును అమర్చిన రోజునే ఏర్పడుతుంది. బోరు ఎంత నీరు ఇవ్వగలదో కొలవకుండా పంపును ఎంపిక చేయడం, పంపు ఖాళీగా ఉండే నెలలను దృష్టిలో ఉంచుకొని అమరిక చేయకపోవడం అనే రెండు లోపాలు తరువాతి నష్టాలకు దారితీస్తాయి. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు ఉపయోగపడే సలహా ఇవ్వదగిన చోటు కూడా ఇదే.

తోటకు కావలసిన నీరు

ఎంపికలో మొదటి అంకె తోట నీటి అవసరం. ఉదాహరణగా 10 × 10 మీటర్ల ఎడంతో నాటిన 5 ఎకరాల తోతాపురి తోటను తీసుకుంటే ఎకరాకు 40 చొప్పున 200 చెట్లు ఉంటాయి. చెట్టు గొడుగు వ్యాసం 6 మీటర్లయితే దాని నీడ విస్తీర్ణం సుమారు 28 చదరపు మీటర్లు. వేసవిలో ఆవిరిమాపకంలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు తగ్గుతున్నదనుకొని, మాపక గుణకం 0.7, పంట గుణకం 0.6గా తీసుకుంటే చెట్టుకు రోజుకు సుమారు 95 లీటర్లు కావాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు ఒక లీటరుకు సమానం కనుక ఈ లెక్క విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. 200 చెట్లకు 19,000 లీటర్లు, ఇంటి వాడకానికి, మందుల పిచికారీకి మరో 1,000 లీటర్లు కలిపి రోజువారీ అవసరం 20,000 లీటర్లు అవుతుంది.

త్రీఫేజ్ సరఫరా ఉండే గంటల్లో 5 గంటలు పంపు నడుస్తుందనుకుంటే గంటకు 4,000 లీటర్లు, అంటే సెకనుకు 1.1 లీటర్లు రావాలి. కొంత మిగులు చేర్చి సెకనుకు 1.2 లీటర్లుగా నిర్ణయించవచ్చు. ఇది డ్రిప్ పద్ధతికి వర్తించే లెక్క. పాదులకు కాలువల ద్వారా నీరు పారించే తోటలో దారిలో ఇంకిపోయే నీటిని కూడా కలుపుకోవాలి.

బోరు ఇవ్వగల నీరు

రెండవ అంకె బోరు దిగుబడి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ అత్యధిక భాగం గ్రానైటు, నైస్ వంటి కఠిన శిలల ప్రాంతం. ఇక్కడ నీరు పైనున్న శిథిల శిలాపొరలోను, దాని కింది రాతి పగుళ్లలోను మాత్రమే ఉంటుంది. ఒక పగులు తగిలిన బోరులో నీరు సమృద్ధిగా ఉండి, 30 మీటర్ల దూరంలోని బోరు ఎండిపోవడం ఈ ప్రాంత రైతుకు కొత్త కాదు. అందువల్ల పొరుగు బోరు దిగుబడి ఈ బోరుకు ప్రమాణం కాజాలదు.

బోరు వేసిన రోజున “రెండు అంగుళాల నీళ్లు పడ్డాయి” అనే మాట వినిపిస్తుంది. రిగ్గు సిబ్బంది 90 డిగ్రీల వి-నాచ్ పలకపై నీటి ఎత్తును చూసి చెప్పే అంకె ఇది. వి-నాచ్ మీద ప్రవాహం ఎత్తుకు రెండున్నరవ ఘాతంగా పెరుగుతుంది. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకొని, దాని రెండున్నరవ ఘాతాన్ని 0.0138తో గుణిస్తే సెకనుకు లీటర్లు వస్తాయి. ఆ ప్రకారం 2 అంగుళాల నీరు సెకనుకు 0.8 లీటర్లు, 3 అంగుళాల నీరు 2.2 లీటర్లు, 4 అంగుళాల నీరు సుమారు 4.5 లీటర్లు. రెండు అంగుళాలకు, నాలుగు అంగుళాలకు మధ్య తేడా రెండు రెట్లు కాదు, ఐదున్నర రెట్లకు పైమాటే. ఈ సంగతి తెలియని రైతు అంగుళాలను మామూలు కూడికల్లా భావించి పంపు కొంటాడు.

పైగా ఆ అంకె కంప్రెసరు గాలి ఒత్తిడితో కొద్దిసేపు ఎగజిమ్మిన నీటిది. పగుళ్లలో అప్పటివరకు నిల్వ ఉన్న నీరు కూడా అందులో కలిసి ఉంటుంది. నిలకడగా వచ్చే దిగుబడి తెలియాలంటే పంపింగ్ పరీక్ష తప్పనిసరి. తాత్కాలికంగా ఒక పంపును దించి, గేటు వాల్వుతో ప్రవాహాన్ని స్థిరంగా ఉంచి, కనీసం నాలుగైదు గంటలు నడపాలి. పరీక్షకు ముందు నిలకడ మట్టాన్ని, నడుస్తున్నంతసేపు పంపింగ్ మట్టాన్ని, ఆపిన తరువాత మట్టం కోలుకునే కాలాన్ని నమోదు చేయాలి. ప్రవాహాన్ని కొలిచేందుకు 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం చాలు. డ్రమ్ము 2 నిమిషాల 45 సెకన్లలో నిండితే దిగుబడి సెకనుకు 1.2 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో చేసిన పరీక్షకే విలువ ఎక్కువ. వర్షాకాలం ముగిశాక చేసిన పరీక్ష రైతుకు లేని ధీమాను కలిగిస్తుంది.

మొత్తం ఎత్తు, అశ్వశక్తి

మూడవ అంకె పంపు నీటిని ఎత్తవలసిన మొత్తం ఎత్తు, అంటే హెడ్. పై తోటలోని బోరు లోతు 90 మీటర్లు, వేసవిలో నిలకడ మట్టం 24 మీటర్లు, సెకనుకు 1.2 లీటర్ల చొప్పున తోడినప్పుడు పంపింగ్ మట్టం 42 మీటర్ల వద్ద స్థిరపడినదనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. నీటిని ఎత్తడానికి 42 మీటర్లు. 40 మిల్లీమీటర్ల కాలమ్ పైపులో, వంపుల్లో రాపిడి వల్ల సుమారు 3 మీటర్లు. డ్రిప్పర్ల వద్ద కావలసిన ఒత్తిడి, ఫిల్టరు, ప్రధాన గొట్టాల నష్టాలు కలిపి 18 మీటర్లు. మొత్తం 63 మీటర్లు.

సెకనుకు వచ్చే లీటర్లను మీటర్లలోని ఎత్తుతో గుణించి 75తో భాగిస్తే నీటికి అందవలసిన అశ్వశక్తి వస్తుంది. ఇక్కడ అది 1. పంపు సామర్థ్యం 50 శాతం అనుకుంటే మోటారు ఇరుసు వద్ద 2 అశ్వశక్తులు కావాలి. వోల్టేజీ తగ్గుదలకు, కాలక్రమంలో అరుగుదలకు కొంత మిగులు కలిపితే 3 అశ్వశక్తుల మోటారు ఈ తోటకు సరిపోతుంది. అయితే అశ్వశక్తి ఒక్కటే చూసి కొనకూడదు. ఒకే అశ్వశక్తిలో తక్కువ అంచెలతో ఎక్కువ నీరు పోసే పంపులూ, ఎక్కువ అంచెలతో ఎక్కువ ఎత్తుకు పంపే పంపులూ దొరుకుతాయి. తయారీదారు ఇచ్చే పనితీరు పట్టికలో 63 మీటర్ల ఎత్తు వద్ద సెకనుకు 1.2 లీటర్లు ఇచ్చే నమూనాను, ఆ బిందువు గరిష్ఠ సామర్థ్యానికి దగ్గరగా ఉన్నదానిని ఎంచుకోవాలి. ఇంధన సామర్థ్య బ్యూరో నక్షత్ర గుర్తులు ఈ ఎంపికలో తోడ్పడతాయి.

ఆచరణలో జరుగుతున్నది వేరు. “పక్క తోటాయన ఏడున్నర దించినాడు, మనకీ అదే దించన్నా” అని రైతు మెకానిక్కుతో అంటాడు, మెకానిక్కు కాదనడు. అదే బోరులో 7.5 అశ్వశక్తుల పంపును దించితే ఏమవుతుందో లెక్కకట్టవచ్చు. 63 మీటర్ల ఎత్తు వద్ద అది సెకనుకు 4 లీటర్లకు పైగా తోడుతుంది. బోరులోకి ఊరే నీరు 1.2 లీటర్లే. మిగిలిన 3 లీటర్లు బోరు గొట్టంలోని నిల్వ నుండి రావాలి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతుకు ఉండే నీరు 21 లీటర్లు మాత్రమే. పంపు 60 మీటర్ల వద్ద ఉంటే 24 నుండి 60 మీటర్ల వరకు ఉన్న నిల్వ 750 లీటర్లకు మించదు. నాలుగైదు నిమిషాల్లో ఆ నిల్వ హరించుకుపోయి పంపు గాలిని పీల్చడం మొదలుపెడుతుంది.

తరువాతి పరిణామాలు రైతులందరికీ తెలిసినవే. నీరు లేకుండా తిరిగిన పంపులో బుష్‌లు అరుగుతాయి, మోటారు వేడెక్కుతుంది. మట్టం ఒక్కసారిగా పడిపోవడం వల్ల పగుళ్ల నుండి ఇసుక, రాతిపొడి బోరులోకి దిగి ఇంపెల్లర్లను కోస్తాయి. రైతు మోటారును ఆపి, నీరు ఊరాక మళ్లీ ప్రారంభిస్తాడు. ఇలా రోజుకు పదిసార్లు ప్రారంభించిన మోటారు ప్రతిసారీ సాధారణ విద్యుత్ ప్రవాహానికి ఐదారు రెట్లు గుంజుకుంటుంది. వైండింగ్ కాలిపోవడానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేదు.

బోరు దిగుబడి తోట అవసరానికి చాలని చోట పెద్ద పంపు ఆ లోటును తీర్చలేదు, తొట్టి కొంతవరకు తీర్చగలదు. సెకనుకు అర లీటరు మాత్రమే ఇచ్చే బోరుకు దానికి తగిన చిన్న పంపును అమర్చి 8 గంటలు నడిపితే 14,400 లీటర్లు తొట్టిలో చేరుతాయి. త్రీఫేజ్ సరఫరా లేని వేళల్లో ఇంటి అవసరాలకు కూడా తొట్టి నీరే ఆధారం.

పంపును దించే విధానం

పంపు చేరిన తరువాత తొందరపడకుండా సాగవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ముందుగా తాడుకు బరువు కట్టి బోరు లోతును కొలవాలి. బోరు వేసినప్పటి లోతుకు, నేటి లోతుకు తేడా ఉంటే అడుగున పూడిక చేరినట్లు గ్రహించి శుభ్రం చేయించాలి. నీటితో నింపే రకపు మోటారయితే లోపలి గాలి పూర్తిగా వెలువడేవరకు శుభ్రమైన నీటిని నింపి, ఇరుసు చేతితో సులువుగా తిరుగుతున్నదో లేదో చూడాలి. కేబుల్ జాయింటును జలనిరోధకంగా చుట్టి, నీటిలో ముంచి, మెగ్గరుతో ఇన్సులేషన్‌ను పరీక్షించాలి. పంపును నీటి తొట్టిలో ముంచకుండా క్షణమైనా తిప్పరాదు.

ముక్కాలి, చైన్ కప్పీ సాయంతో కాలమ్ పైపులను ఒక్కొక్కటిగా దించేటప్పుడు రెండు క్లాంపులను మార్చి మార్చి వాడాలి. పైపు పడిపోకుండా ఒక క్లాంపు ఎల్లవేళలా కేసింగ్‌పై ఆనుకొని ఉండాలి. కేబుల్‌ను ప్రతి మూడు మీటర్లకు ఒకచోట పైపుకు బిగించాలి. కేబుల్‌తో పంపును ఎత్తడం, దించడం ఎంతమాత్రం తగదు. విడిగా ఒక నైలాన్ తాడును పంపు తలకు కట్టి పైన భద్రపరిస్తే పైపు తెగిన సందర్భంలో పంపును కాపాడుకోవచ్చు. దించిన పైపుల సంఖ్య, పంపు లోతు కాగితం మీద రాసి ఇంట్లో ఉంచాలి.

పంపు లోతు విషయంలో రెండు నియమాలు పాటించాలి. అత్యల్ప పంపింగ్ మట్టానికి తగినంత కిందుగా పంపు ఉండాలి. బోరు అడుగుకు కనీసం మూడు నుండి ఐదు మీటర్లు పైన మోటారు ఉండాలి. ఉదాహరణలోని బోరులో 60 మీటర్లు ఈ రెండింటికీ అనువైన లోతు. ఇక్కడే మరొక సూక్ష్మం గమనించాలి. సబ్‌మెర్సిబుల్ మోటారు పంపుకు కింద ఉంటుంది. తన పక్కగా పైకి పారే నీటితోనే అది చల్లబడుతుంది. కఠిన శిలల బోరులో నీరిచ్చే పగులు పంపుకు పైన ఉంటే నీరు పైనుండి నేరుగా పంపు నోట్లోకి దిగుతుంది, మోటారు చుట్టూ నీరు కదలదు. అటువంటి బోరులో మోటారుకు చల్లదనపు తొడుగు గొట్టాన్ని అమర్చాలి. బోరు వేసినప్పుడు ఏ లోతులో పగుళ్లు తగిలాయో రాసిపెట్టుకున్న రైతుకే ఈ జాగ్రత్త తీసుకునే వీలుంటుంది.

మొదటిసారి ప్రారంభించేటప్పుడు గేటు వాల్వును కొంత మూసి ఉంచాలి. నీరు తక్కువగా వస్తే మోటారు ఎదురు దిశలో తిరుగుతున్నదేమో అనుమానించాలి. సరఫరాను ఆపి స్టార్టరు వద్ద ఏవైనా రెండు ఫేజులను మార్చితే దిశ సరవుతుంది. ప్రవాహం స్థిరపడ్డాక వోల్టేజీ, ఆంపియర్లు, డ్రమ్ము నిండిన కాలం స్టార్టరు పెట్టె మూత లోపలివైపు చెరగని రంగుతో రాయాలి. తరువాతి ఏళ్లలో వచ్చే ఏ మార్పునైనా ఈ అంకెలతో పోల్చి తెలుసుకోవచ్చు. ఆంపియర్లు పెరిగితే రాపిడిని, తగ్గితే నీటి కొరతను శంకించాలి.

విద్యుత్ భద్రత

తోట ఇంటి బోరు వద్ద విద్యుత్తు, నీరు, తడి నేల, ఒట్టి కాళ్లు ఒకేచోట చేరతాయి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ నిరోధకం, నీరు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రక్షణ ఉండాలి. ఇంటి వైరింగుకు 30 మిల్లీఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరు అమర్చాలి.

ఎర్తింగు విషయంలో వేసవి తోటకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. గాల్వనైజ్డ్ పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు నింపిన ఎర్తింగు గుంత తేమగా ఉన్నప్పుడే విద్యుత్తును నేలలోకి పంపగలదు. వర్షాకాలంలో బాగా పనిచేసిన గుంత ఏప్రిల్ నాటికి ఎండిపోతుంది. మోటారు వాడకం ఎక్కువగా ఉండేది కూడా ఏప్రిల్‌లోనే. కనుక కాపురం ఉన్న నెలల్లో వారానికి ఒకటి రెండుసార్లు గుంతలో నీరు పోయడం ఇంటి పనుల్లో భాగం కావాలి. తొట్టి నుండి జారే నీరు గుంత వైపు మళ్లేలా చేస్తే అది మరచిపోయే ప్రసక్తి ఉండదు.

రైతు లేనప్పుడు కరెంటు రాగానే మోటారును నడిపించే ఆటో స్టార్టరు సౌకర్యంగా తోచవచ్చు. అయితే సరఫరా తిరిగి వచ్చిన క్షణాన ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఏకకాలంలో లేస్తే వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. లైన్ మీద పనిచేసేవారికీ, మరమ్మతు కోసం స్టార్టరు తెరిచినవారికీ అది ప్రాణాపాయం. మనుషులు లేని తోటలో ఆటో స్టార్టరు నీరు వృథా కావడానికి కూడా కారణమవుతుంది.

తాళం పడిన నెలలు

మామిడిలో పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు ఆపడం సిఫారసు చేసిన పద్ధతి. ఆ బెట్ట వల్ల కొత్త చిగురు తగ్గి పూమొగ్గ ఏర్పడడానికి అనువైన స్థితి కలుగుతుంది. కోత తరువాత వర్షాకాలం, ఆపైన ఈ బెట్ట కాలం కలిసి పంపు ఏడెనిమిది నెలలు పనిలేకుండా ఉంటుంది. నీటిలో సున్నం, ఇనుము ఎక్కువగా ఉన్న బోరులో ఇంపెల్లర్ల మధ్య పొరలు గట్టిపడి ఇరుసు బిగుసుకుపోతుంది. స్టార్టరు పెట్టెలో కందిరీగలు గూడు కడతాయి, చీమలు కాంటాక్టుల మధ్య చేరతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రాగి కోసం కేబుల్‌ను దొంగిలించేవారి సంగతి సరేసరి.

వీటిలో అధికభాగాన్ని నెలకు ఒక్క సందర్శనతో నివారించవచ్చు. పంపును పది నిమిషాలు నడిపితే ఇరుసు సడలుతుంది, నిల్వనీరు మారుతుంది. ఆ పది నిమిషాల్లో వచ్చే సుమారు 700 లీటర్ల నీటిని చెట్ల పాదులకు వదలకుండా తొట్టిలోకి మళ్లిస్తే బెట్ట దెబ్బతినదు, పశువులకు ఉపయోగపడుతుంది. ఇంటికి తాళం వేసే రోజున మెయిన్ స్విచ్చు ఆపి ఫ్యూజులు తీయడం, స్టార్టరు పెట్టె రంధ్రాలను మూయడం, డ్రిప్ ప్రధాన గొట్టాల చివరలు తెరిచి కడగడం, ఫిల్టరును శుభ్రపరచడం పూర్తిచేయాలి. తిరిగి వచ్చిన రోజున మీట నొక్కే ముందు మెగ్గరుతో పరీక్ష చేయించాలి. మోటారు, కేబుల్ ఇన్సులేషన్ ఒక మెగాఓమ్‌కు తగ్గితే కేబుల్ జాయింటులోకి తేమ చేరి ఉండవచ్చు. ఆ స్థితిలో నడిపితే చిన్న మరమ్మతుతో పోయేది వైండింగ్ ఖర్చుగా మారుతుంది.

తొలి రోజుల నీటిని తాగడానికి వాడకుండా కొంతసేపు బయటకు వదలాలి. కఠిన శిలా ప్రాంతాల్లో ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది కనుక తోటలో కాపురం ఉండే కుటుంబం కోసం నీటిని ఒకసారైనా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీరు తాగడానికి పనికిరాదు. ఏడాదిలో అయిదు నెలలు, ఏటా అదే నీరు తాగే కాపలా కుటుంబంలోని పిల్లల విషయంలో ఇది మరింత ముఖ్యం.

సౌర పంపు

విద్యుత్ లైను దూరంగా ఉన్న తోటలకు సౌర పంపు అనువైన ప్రత్యామ్నాయం. మామిడికి నీటి అవసరం అధికంగా ఉండే నెలల్లోనే ఎండ కూడా తీవ్రంగా ఉంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం-కుసుమ్ పథకంలో 7.5 అశ్వశక్తుల వరకు విడి సౌర పంపులకు సహాయం కల్పించారు. అయితే పరిమితి ఏడున్నర అయినంత మాత్రాన ప్రతి బోరుకూ ఏడున్నర తగదు. పైన వివరించిన మూడు అంకెలే ఇక్కడ కూడా ప్రమాణం. ఎండ ఉన్నంతసేపు ఖర్చు లేకుండా నడిచే పంపు నీటిని అవసరానికి మించి తోడే ప్రమాదం ఉంది కనుక తొట్టి నిండగానే ఆపే ఏర్పాటు తప్పనిసరి. కాపురం లేని నెలల్లో పలకల భద్రతకు కూడా ఆలోచన చేయాలి.

చట్టం, బాధ్యత

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాడుకలో వాల్టా చట్టం, ప్రకారం బోరును నమోదు చేయించాలి. కొత్త బోరుకు ముందుగా అనుమతి పొందాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడంపై ఆంక్ష ఉంది. తోట ఇల్లు గ్రామానికి సమీపంలో ఉన్నప్పుడు ఈ నిబంధనను బోరు వేయకముందే పరిశీలించాలి.

తెరిచి ఉంచిన బోర్లలో పిల్లలు పడిన విషాదాల దృష్ట్యా సర్వోన్నత న్యాయస్థానం 2010లో మార్గదర్శకాలు జారీ చేసింది. కేసింగ్ చుట్టూ భూమికి 30 సెంటీమీటర్లు పైకి, 30 సెంటీమీటర్లు లోపలికి ఉండేలా కాంక్రీటు దిమ్మె కట్టాలి. కేసింగ్ నోటిని గట్టి మూతతో బిగించాలి. పంపును మరమ్మతుకు ఎత్తిన సమయంలో సైతం బోరును తెరిచి ఉంచరాదు. వాడకం మానిన బోరును నేలమట్టం వరకు పూడ్చాలి. మోటారును పట్టణానికి పంపి, బోరుపై గోనెసంచి కప్పి వెళ్లే అలవాటు ఇప్పటికీ ఉంది. తోట ఇంట్లో చిన్నపిల్లలున్న కుటుంబం కాపురం ఉన్నప్పుడు ఆ గోనెసంచి ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనవసరం లేదు.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చిన తరువాత పంపు సామర్థ్యం రైతు జేబుకు నేరుగా తగలని విషయమైంది. అవసరానికి మించిన అశ్వశక్తి వల్ల బిల్లు పెరగదు కనుక దాన్ని తగ్గించుకోవాలనే ఆలోచన కలగదు. కరెంటు బిల్లును చూపి చిన్న పంపును సిఫారసు చేయడం ఇక్కడ ఫలించదు. కాలిపోయిన మోటారును, ఎండిపోయిన బోరును, రాలిన పిందెను చూపితే రైతు వింటాడు.

రైతు కొలతలకు వెనుకాడడని చెప్పడానికి ఈ నేల మీదనే నిదర్శనం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల రైతులు స్వయంగా బోర్ల నీటిమట్టాలను, వర్షపాతాన్ని నమోదు చేశారు. ఆ అంకెల ఆధారంగా గ్రామ నీటి బడ్జెట్టు వేసి రబీలో ఏ పంట వేయాలో చర్చించుకున్నారు. శాస్త్రవేత్త చేయవలసినది రైతు చేతికి కొలిచే సాధనాన్ని అందించి, వచ్చిన అంకెకు అర్థం వివరించడం.

ఆ సాధనం ఖరీదైనది కాదు. పంపును దించే రోజునే కాలమ్ పైపు వెంట పంపు లోతు వరకు ముప్పావు అంగుళం ప్లాస్టిక్ గొట్టాన్ని దించి, దాని పైకొసను బోరు మూతలోని చిన్న రంధ్రం ద్వారా బయటికి తీసి బిరడా బిగిస్తే చాలు. ఆ గొట్టంలోకి కొలతపట్టీ వదిలి ఎప్పుడైనా నీటిమట్టాన్ని చూడవచ్చు. గొట్టం లేని బోరులో మట్టం కొలవాలంటే మూత తీయాలి. కేబుల్‌కు, పైపుకు కొలతపట్టీ చిక్కుకుంటుంది. అందుకే దాదాపు ఎవరూ కొలవరు. పంపు దించిన తరువాత ఈ గొట్టాన్ని అమర్చాలంటే మొత్తం పైకి ఎత్తవలసిందే.

కృషి విజ్ఞాన కేంద్రాలు పంపు మెకానిక్కులకు ఇచ్చే శిక్షణలో ఈ గొట్టం అమరికను, డ్రమ్ము పరీక్షను, పనితీరు పట్టిక చదవడాన్ని చేర్చితే ప్రయోజనం విస్తృతంగా ఉంటుంది. రైతు పంపు కొనే సమయంలో అతని పక్కన ఉండేది మెకానిక్కే, శాస్త్రవేత్త కాదు. విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఒక్కొక్కరు రెండు మూడు తోటల బోర్లను మే నెలలో కొలిచి, అవసరమైన అశ్వశక్తిని లెక్కించి, ఉన్న అశ్వశక్తితో పోల్చి రైతుకు రాసి ఇవ్వవచ్చు. ఆ కాగితం స్టార్టరు పెట్టెలో ఉంటే మరుసటి మాఘంలో తాళం తీసినప్పుడు బోరు ఎంత నీరు ఇవ్వగలదో, పంపు ఎంత తోడుతున్నదో రైతు తానే చూసుకోగలడు.